ఫాను కట్టేస్తేనే వినపడే వీణ

మా ఆయన పోయిన రోజున ఆయన కొన్న స్పీకర్లే ఆయన కోసం మోగాయి. మరిది వాటిని హాల్లోంచి అరుగు మీదికి మోయించి గీతా శ్లోకాలు పెట్టించాడు. వీధి చివర రైస్ మిల్లు దాకా వినపడిందని పరామర్శకు వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ హోరులో నేను ఏడుస్తున్నానో లేదో ఎవరికీ తెలియలేదు. ఆ స్పీకర్ల వల్ల అప్పటిదాకా నాకు జరిగిన మేలు అదొక్కటే.

పెద్దకర్మ అయిన మర్నాడు వాటిని మళ్ళీ లోపల పెట్టించి, మీద దుప్పటి కప్పి, మరిది నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"వదినగారండీ, ఏటి సూతకం వెళ్ళేదాకా ఇంట్లో పాటలవీ వద్దండి. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

టీవీలో వార్తలు ఫర్వాలేదట. తలుపు దగ్గరగా వేసుకుంటే సీరియళ్ళు కూడా ఫర్వాలేదట, ఎందుకంటే అవి చూసేది తోడికోడలు. పాట ఒక్కటే పనికిరాదు. గుళ్ళో మైకు, చర్చిలో మైకు, చెత్తబండి మైకు, ఊరేగింపులో డీజే, అన్నీ మా కిటికీలోంచి లోపలికి రావచ్చు. మా కిటికీలోంచి బయటికి మాత్రం ఏదీ పోకూడదు. సరేనన్నాను. మా వైపు ఆడవాళ్ళం 'సరేనండి' అనడంలో చిన్నప్పుడే చెయ్యి తిరిగినవాళ్ళం.

మాది కొవ్వూరు. ఒకే ఇంటికి మధ్యలో గోడ, ఇవతలి వాటా మాది, అవతలి వాటా మరిదిది. అత్తగారు మరిది దగ్గర ఉండేవారు. ఆవిడ మంచం సరిగ్గా మా హాలు గోడకు అవతల, ఆ గోడకే ఆనుకుని ఉండేది. మాకు పిల్లలు లేరు. అందుకని మా వాటాలో చప్పుడంతా ఆయనదే.

ఆయనకు పురుగుమందుల దుకాణం ఉండేది. నాలుగు డబ్బులు కనపడగానే రాజమండ్రి వెళ్ళి ఆ స్టీరియో కొని, కారు డిక్కీలో పట్టక సీటు మీద పడుకోబెట్టి వంతెన దాటించి తెచ్చారు. ఆంప్లిఫయరు, సీడీలు వేసుకునే ప్లేయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు. మంచి సరుకే. కొన్నవాడికి దాని మంచితనంతో పనిలేదు. వాటిని హాలు మూలల్లో గోడకు అతికించినట్టు నిలబెట్టి, నరసాపురం లేసు గుడ్డలు కప్పి, మీద ప్లాస్టిక్ పూల కుండీలు పెట్టారు. ఎవరైనా వస్తే పాట పెట్టి రిమోట్ నొక్కుతూ పోయేవారు. షోకేసులో గాజుగ్లాసులు గలగలలాడాలి. వచ్చినవాళ్ళు 'అబ్బో, ఏం సౌండండీ' అనాలి. అప్పుడు నేను కాఫీ తేవాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో శంఖం ఊదేవాడికే చెవుడు.

నాకు వీణ వచ్చు. వచ్చేది అనాలి. పెళ్ళి నాటికి కచేరీ చెయ్యగలిగినంత కాకపోయినా, నలుగురి ముందు కూర్చుని తల దించుకోకుండా వాయించగలిగినంత వచ్చు. పెళ్ళయ్యాక వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది. తెచ్చుకోవద్దని ఎవరూ అనలేదు. తెచ్చుకోమనీ ఎవరూ అనలేదు. ఒకసారి ధైర్యం చేసి వీణ సీడీ పెట్టుకుంటే ఆయన దుకాణం నుంచి వచ్చి, "ఏంటిది, సౌండే లేదు," అని రిమోట్ అందుకున్నారు. ఆ సౌండులో వీణ, వీధిలో ఎవరో సత్తు డబ్బా వాయిస్తున్నట్టు వినపడింది. నేనే వెళ్ళి ఆపేశాను. ఆ తర్వాత ఆయనున్నంత కాలం పెట్టలేదు.

ఆయన పోయాక నాకు కావలసింది ఒకటే. మధ్యాహ్నం ఒక గంట ఎవరికీ వినపడకుండా వీణ వినాలి. ఏడాది ఆగలేరా అని మీరనవచ్చు. నేను ఆగింది ఏడాది కాదు కదా.

ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అనీ అనవచ్చు. చిన్నప్పటి నుంచీ నాకు చెవిలో చీము, ఏది దూర్చినా రెండో రోజుకు పోటు. పైగా అవతలి నుంచి పిలిస్తే పలక్కపోతే తలుపులు విరగ్గొట్టుకుని వస్తారు. కాబట్టి ఆ స్పీకరు పెట్టెలే గతి. దుప్పటి తీసి, సౌండు బాగా తగ్గించి పెట్టుకున్నాను. వినపడింది వీణ కాదు, వీణ ఎముకల గూడు. మీటు తెలుస్తోంది. మీటిన తర్వాత మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం ఊగుతూ సన్నగిల్లిపోతుందే, ఆ తోక లేదు. వీణ అంటే ఆ తోకే. మీటడం ఎవరైనా మీటుతారు.

అప్పటినుంచి పట్టుదల పుట్టింది. ఫోన్లో వెతికితే సౌండు తగ్గించి వినేవాళ్ళ కోసం చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చేసుకుంటూ పోయాను. పెట్టెల్ని మూలల్లోంచి లాగి గోడకు దూరంగా జరిపాను. మూలలో ఉంటే బేసు బుర్రలో దూరినట్టు బొయ్యిమంటుంది గానీ మాట తేటపడదు. పూలకుండీలు, లేసు గుడ్డలు తీసేశాను. ఆ లేసు సరిగ్గా పైన ఉండే చిన్న స్పీకరు మీదికి వేలాడుతూ దాని నోరు నొక్కేసింది. సోఫా పనికిరాదని భోజనాల బల్ల దగ్గరి కుర్చీ తెచ్చుకుని, చెవి ఆ చిన్న స్పీకరు ఎత్తుకు వచ్చేటట్టు కూర్చున్నాను. పెట్టెలు రెండింటినీ నా వైపు తిప్పి బాగా దగ్గరికి లాక్కున్నాను. ఎదురెదురుగా కూర్చుని చిన్నగా చెప్పుకునే మాట హాలు అవతలి కొస నుంచి చెబితే వినపడుతుందా? పాటా అంతే. దగ్గరికి జరిగితే అరవక్కర్లేదు. ఈ సంగతి తెలుసుకోడానికి నాకు ఇంత వయసు పట్టింది.

టైల్స్ నేల మీద పాత బొంతలు పరిచాను. వీధి కిటికీ మూసి దానికి మరో బొంత వేలాడదీశాను. సౌండు తగ్గేకొద్దీ మన చెవికి ముందు బేసు మాయమవుతుందట, తర్వాత సన్న స్వరాలు. దాన్ని సరిచెయ్యడానికి ఆంప్లిఫయరు మీద ఒక బొత్తాం కూడా ఉంది. ఆయన దాన్ని ఒక్కనాడూ ముట్టుకోలేదు. అవసరం పడితే కదా.

ఇంతా చేసినా వీణ ఎక్కడుందో తెలిసేది కాదు. రెండు పెట్టెల మధ్య కూర్చోవాల్సిన మనిషి గదంతా చెదిరిపోయినట్టుండేది. ఒకరోజు పెట్టె వెనక దుమ్ము తుడుస్తుంటే తీగలు కనపడ్డాయి. ఒక పెట్టెకు ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించి ఉంది. రెండోదానికి తిరగేసి ఉంది. అలా ఉంటే ఒక పెట్టె ముందుకు నెట్టిన గాలిని రెండోది వెనక్కి గుంజుతుందట. ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తెచ్చిన రోజున ఆయనే స్వయంగా బిగించారు, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. తీగలు మార్చి, కుర్చీలో కూర్చుని పాట పెట్టాను. వీణ వచ్చి నా ఎదురుగా, సరిగ్గా మధ్యలో, చాప మీద కూర్చున్నట్టు కూర్చుంది.

పెట్టెల మధ్య గోడకు దండ వేసిన ఆయన ఫొటో ఉంది. దాన్ని చూసి ఏడ్చాను. కర్మలప్పుడు ఏడ్చిన ఏడుపు కాదిది, అది పదిమందితో కలిసి ఏడ్చింది. ఆయన ఇన్నేళ్ళూ ఎందుకు రిమోట్ నొక్కుతూ పోయారో అప్పుడు తెలిసింది. ఏదో లేదని ఆయనకూ తెలుస్తూనే ఉంది పాపం. ఏం లేదో తెలియక సౌండు పెంచేవారు. ఇంత మంచి వస్తువు కొని ఒక్కసారీ వినకుండా పోయిన మనిషి కోసం, ఎవరూ చూడకుండా, కొంగు తడిసేలా ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. ఒక్కసారి ఆ తీగలు నన్ను చూడమని ఉంటే సరిపోయేది కదా.

ఇక మిగిలింది ఫాను. ఎంత చేసినా ఆ గమకం చివర ఫాను రెక్కల గాలిలో కలిసిపోయేది. కట్టేశాను. వేలు తీగ మీద జారిన చప్పుడు వినపడింది. వాయించేవాడు గాలి పీల్చుకోవడం వినపడింది. ఆ మధ్యాహ్నం నాకు వీణ మళ్ళీ దొరికింది.

చలికాలంలో ఫాను సంగతి ఎవరికి పట్టింది? ఎండలు ముదిరాక పట్టింది. తోడికోడలికి తలుపు కొట్టే అలవాటు లేదు, పెరటి గడియ తీసుకుని వచ్చేస్తుంది. గడియ చప్పుడు కాగానే నేను రిమోట్ నొక్కి, దుప్పటి లాగి కప్పేసేదాన్ని. ఒకరోజు కళ్ళు మూసుకుని ఉన్నాను, నొక్కడం వరకే అయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. కిటికీలు మూసి ఉన్నాయి. ఫాను లేదు. నేను చెమటతో తడిసి ముద్దయి ఆయన ఫొటో ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాను. మూగబోయిన పెట్టెల మీద ఆవిడ చూపు ఆగలేదు.

"ఏంటక్కా, ఫానన్నా వేసుకోలేదూ?"

"వద్దులే," అన్నాను. నేను ఆడిన అబద్ధం మొత్తం ఆ ఒక్క మాటే.

మిగతాది ఊరు అల్లుకుంది. ఆయన పోయింది ఆ హాల్లోనే, కరెంటు లేని మధ్యాహ్నం పూట. గాలి ఆడక గుండె పట్టుకుంటే నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. కాబట్టి ఆయనకు దక్కని గాలి తనకూ వద్దని ఆయన పెళ్ళాం ఫాను వదిలేసింది. అదీ కథ. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు. ఇష్టమైనదని పేరే గానీ చాలామంది వదిలేది కాకరకాయే. మా గోదావరి ఉక్కలో ఫాను వదలడమంటే సగం ప్రాణం వదలడం. అంత వదిలినదాన్ని ఊరు ఎన్నడూ చూడలేదు.

చూడ్డానికి వచ్చారు. ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, ఈ రోజుల్లో కూడా ఇలాంటి ఇల్లాళ్ళున్నారంది. నా వయసున్న ఆవిడ ఒకతె వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. నవ్వు రావాలి నాకు. ఒళ్ళు మండింది. వీణ వదిలేసిన నాడు ఒక్క ప్రాణి ఎందుకమ్మా అని అడగలేదు. ఫాను కట్టేస్తే మహాతల్లినయ్యాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చి మింగేదాన్ని. మింగడానికి కారణం భయం ఒక్కటే కాదు. మధ్యాహ్నం పూట ఆవిడ జోలికి వెళ్ళకండని తోడికోడలే అందరికీ చెప్పసాగింది. నా గంటకు కాపలా దొరికింది. వాళ్ళు పుణ్యం అనుకున్నది నాకు పాట, ఎవరి నష్టమూ లేదు కదా అనుకున్నాను.

అత్తగారిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు, నాతో సహా. కొడుకు పోయింది ఆవిడకు. గడ్డం పట్టుకున్నది మాత్రం నాకు.

ఆవిడ గదిలో పాతకాలపు ఫాను ఒకటి ఉండేది. తిరిగినంతసేపూ కిర్రు కిర్రుమనేది. గోడ అవతలి నుంచి నా వీణలోకి దూరిన ఆఖరి చప్పుడు అదే, రోజూ దాన్ని తిట్టుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం అది లేదు. ఆ రోజు వీణ ఎంత శుభ్రంగా వినపడిందంటే, నూనె వేయించారు కాబోలు అని సంతోషపడ్డాను. మర్నాడూ అలాగే ఉంది. ఆ వారమంతా నేను వినని వినికిడి విన్నాను.

రోహిణి ఎండలు. వడగాడ్పు. ఒకరోజు తోడికోడలు కేక విని అటు పరిగెత్తేసరికి అత్తగారు మంచం పక్కన పడి ఉన్నారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. వీధిలో డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించి, ఈ వయసులో ఈ ఎండలకు గాలి లేకుండా పడుకోబెడితే మళ్ళీ చూడక్కర్లేదని మరిదిని కేకలేశాడు. అప్పుడు తెలిసింది. ఆవిడా ఫాను వదిలేశారు. మరిది వేస్తే ఆవిడ లేచి కట్టేస్తారు. కూలరు తెస్తే దాని ప్లగ్గు పీకేస్తారు.

"పెళ్ళాం వదిలేసింది. కన్నదాన్ని నేను గాలికి పడుకోనా?" ఇదే మాట, అడిగిన ప్రతివాళ్ళకూ.

మరిది నన్ను పక్కకు పిలిచి, నేను వేసుకుంటే ఆవిడా వేసుకుంటారని బతిమాలాడు. వెంటనే వెళ్ళి మా హాల్లో ఫాను వేసి, వేశానని వచ్చి చెప్పాను. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. నా కోసం కోడలు పట్టిన పట్టు విడిచింది, ఆ పాపం కూడా నాకెందుకు అని, మా హాల్లో వేసిన ఫాను మళ్ళీ కట్టెయ్యమన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక నిజం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మరిదీ తోడికోడలూ అక్కడే ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

"అత్తయ్యగారండీ, నేనేం వదల్లేదు. మధ్యాహ్నాలు వీణ వింటున్నాను. ఫాను చప్పుడుకి సరిగ్గా వినపడదని కట్టేసుకున్నాను, అంతేనండి."

ఆవిడ నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

"నన్ను బతికించుకోడానికి ఎంత మాట మీదేసుకుంటున్నావే అమ్మాయ్. ఈ గోడ పక్కనే కదా పడుకుంటాను. ఒక్కనాడన్నా వినపడిందా?"

తోడికోడలు కూడా కళ్ళు ఒత్తుకుంది. ఇన్ని నెలలుగా బొంతలు కట్టీ, తీగలు మార్చీ, ఉక్కలో ఉడికీ నేర్చుకున్న విద్య అంతా ఇప్పుడు నాకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నా మాట నమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు.

లేచి మా వాటాలోకి వెళ్ళాను. కిటికీ బొంత లాగేసి, తలుపులన్నీ బార్లా తెరిచాను. దుప్పటి తీసి, సీడీ పెట్టి, రిమోట్ నొక్కుతూ పోయాను, ఆయన నొక్కినట్టే. షోకేసులో గ్లాసులు కదిలాయి. అరుగుల మీద నడుం వాల్చినవాళ్ళు లేచి వచ్చారు. మొగుడు పోయి ఏడాదైనా తిరగని ఇంట్లోంచి వీధి మొత్తానికీ వీణ. దణ్ణం పెట్టబోయిన ఆవిడ గేటు దగ్గరే నిలబడి చూసింది. ఇంత సేపు మోగితే చాలు అనుకున్నాక ఆపేశాను. నాకు సిగ్గు వెయ్యలేదు. వీణ పోతోందని మాత్రం ఏడుపొచ్చింది. మళ్ళీ ఆ గంట నాకు ఎవరూ ఇవ్వరు.

తిరిగి వెళ్ళేసరికి మరిది నన్ను చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. తోడికోడలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అత్తగారు పైకి చూస్తున్నారు.

"ఇన్నాళ్ళూ ఇదేనా?"

"ఇదేనండి."

"వాడి ఫొటో ముందు కూర్చుని."

"ముందేనండి."

తర్వాత నా వైపు తిరిగి, తిట్టడానికి కాకుండా నిజంగా తెలుసుకోడానికి అడుగుతున్నట్టు అడిగారు.

"అయితే అమ్మాయ్, వాడి కోసం ఏడ్చింది నేనొక్కదాన్నేనా?"

తీగలు మార్చిన రోజు సంగతి నోటి చివరే ఉంది. అది చెబితే ఆవిడ నమ్ముతారు. నమ్మి, నాకు మళ్ళీ పాత స్థానం ఇచ్చి, ఫాను జోలికి వెళ్ళరు. లేచి స్విచ్చి దగ్గరికి వెళ్ళాను.

"మీరొక్కరేనండి అత్తయ్యగారూ," అన్నాను. ఫాను వేశాను.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఫాను కట్టెయ్యమనలేదు.